ఉస్తాద్ మిద్దె మీద మేత

పావురం జొన్నలు తినదంటే నేను ఒప్పుకోనబ్బా. పెట్టేవాని చెయ్యి పెద్దదైతే పావురానికి ఏరుకునే బుద్ధి పుడుతుంది, అంతే. ఆ కట్టె కొంచెం లోపలికి తొయ్యి, పొగ నా మొహం మీదికే వస్తాంది. ఇంగ ఇనండి. మన చిన్నోడు దసరాకు రెండు జతలు తెచ్చుకుని మిద్దె మీద పెట్టెలు కట్టినాడు, బాగుంది. అప్పుడే ఒకటే పోరు: "జేజినాయనా, ఇవి శెనక్కాయ ఇత్తనాలు తప్ప వేరేది ముట్టవు, జొన్నలన్నీ ముక్కుతో ఎగజిమ్మి గచ్చు మీద పారేస్తాండాయి" అని. వాడు పెట్టే తీరు నేను చూస్తి. పొద్దున ఒక గిన్నె, మధ్యాన్నం ఒక గిన్నె, బడి నుంచి వచ్చినాక ఇంకో గిన్నె. ఎదురుగా ఓళిగలు పెట్టుకుని సంగటి ఎవడు ముడతాడురా?

మేము చిన్నప్పుడు కర్నూలు పాతబస్తీలో ఉంటిమి. నవాబుల పాలన 1839లోనే పోయినా వాళ్ల కాలం నాటి పావురాల సరదా మాత్రం ఆ సందుల్లో అట్లే నిలిచిపోయింది. మా సందులో ఒక పెద్దాయన ఉండేవాడు. అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. పేరు పెట్టి పిలిచినోళ్లను నేను చూడలేదు. మట్టి మిద్దె, మిద్దె మీద వరసగా చెక్క పెట్టెలు, ఒక మూల పొడుగాటి వెదురు గడ, దాని మీద పావురాలు వాలే ఛత్రీ. గాల్లో పల్టీలు కొట్టే గిర్రెబాజులు ఉండేవి, తోక విప్పుకుని రొమ్ము ముందుకు పెట్టి నడిచే లక్కాలు ఉండేవి. లక్కాలు చూసేదానికే గానీ ఎగరడానికి పనికిరావు. ఉస్తాద్‌కు వాటి మీద పెద్ద గౌరవం ఉండేది కాదు. "ఇవి పెండ్లికొడుకులు, పని చెయ్యవు" అనేవాడు.

సాయంత్రం మేత పెట్టేది చూడాల. మా అమ్మ పిలిచినా పలకకుండా నేను ఆ మిద్దె మెట్ల మీద కూచునేవాణ్ణి. పావురాలు ఆకాశంలో తిరుగుతా ఉండంగానే ఆయన డాల్డా డబ్బా తీసేవాడు. దాంట్లో జొన్నలు పోసి రెండు సార్లు గలగలలాడించి, "ఆవ్ ఆవ్" అని గొంతు కొంచెం పైకి తీసి పిలిచేవాడు. మొత్తం గుంపు తిరుక్కుని ఛత్రీ మీదికి, ఛత్రీ నుంచి గచ్చు మీదికి దిగేది. అప్పుడు గొంతుకూచుని ఒక్క పిడికెడు చల్లేవాడు. ఒక్క పిడికెడే. అది అయిపోయేదాకా రెండో పిడికిలి తెరిచేవాడు కాదు. ముందు జొన్నలు, జొన్నల మీద మొహం మొత్తక ముందే సజ్జలు, కడాన రవ్వన్ని కుసుమలు. ఆయన కండ్లు గింజల మీద ఉండేవి కాదు, నీళ్ల మూకుడు మీద ఉండేవి. ఏదన్నా ఒక పావురం మేత వదిలి నీళ్ల కాడికి పోయిందంటే డబ్బాకు మూత పడేది. ఇంకా తింటాండేవి ఉన్నా సరే, పడేది. గచ్చు మీద నాలుగు గింజలు మిగిలితే వేలితో ఏరి డబ్బాలో వేసుకునేవాడు, మరుసటి దినం ఆ మేరకు తగ్గించేవాడు.

శెనక్కాయ ఇత్తనం ఆయన గచ్చు మీద వెయ్యగా నేను ఒక్కసారన్నా చూడలేదు. అది చేతిలోదే. బెదురు పక్షిని మచ్చిక చెయ్యాలంటే, లేదా చీకటి పడతా ఉన్నా గూట్లోకి రాకుండా సతాయించేదాన్ని దించాలంటే అరచేతిలో ఒక పలుకు పెట్టి చెయ్యి చాపేవాడు.

ఈ పద్ధతి చెడిన కాలం ఒకటి వచ్చింది. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం పుట్టి మా ఊరు రాజధాని అయింది. ఊర్లో ఇండ్లు యాడ సరిపోతాయి? ఆఫీసులకూ, ఉద్యోగస్తులకూ డేరాలు వేసినారు. సర్కారు జిల్లాల నుంచి వచ్చిన గుమాస్తాలు బియ్యం తినేవాళ్లు. మాకేమో జొన్న సంగటి, కొర్రన్నం. వరన్నం పండగనాటి మాట. వాళ్లు బియ్యం చెరిగి నూకలు డేరా ముందర చల్లేవాళ్లు, పాపం దయతోనే. ఉస్తాద్ పావురాలు ఎగురుతా పోయి డేరాల మీద వాలడం నేర్చినాయి. సాయంత్రం డబ్బా గలగలలాడిస్తే గుంపులో సగమే దిగేది. దిగినవి కూడా జొన్నను ముక్కుతో పట్టి పక్కకు ఇసిరేసి నిలబడేవి.

మేమంతా ఉస్తాద్ బియ్యం కొంటాడేమో అనుకుంటిమి. ఆయన ఆ పని చెయ్యలేదు. పొద్దున గూళ్ల తలుపులు తియ్యడం మానేసినాడు. పగలంతా లోపలే, నీళ్లు మాత్రం నిండుగా. పొద్దు వాలే ముందు, ఇంకో గంటలో చీకటి పడుతుందనగా వదిలేవాడు. కడుపులో ఏం లేదు, తిరిగేదానికి టైం లేదు, డేరాల కాడ గుమాస్తాలు చెరిగే పని పొద్దున్నే అయిపోయింది. ఒక చుట్టు తిరిగి డబ్బా చప్పుడుకు రాళ్లు పడినట్టు దిగినాయి. వారం తిరక్కుండా జొన్నలు మల్లా రుచి అయినాయి. గుడ్ల మీద ఉన్న జతలనూ, పిల్లలున్న జతలనూ మాత్రం ఈ లెక్కలో పెట్టలేదు. వాటికి గూట్లోనే ముంతలో మేత ఎప్పుడూ ఉండేది. అది మర్చిపోవద్దు చిన్నోడా, మాడబెట్టడం అంటే అన్నిటినీ మాడబెట్టడం కాదు.

దానికి ముందరి ఏడు కథ వేరే. 1952 కరువు. సీమంతా గంజి కేంద్రాలు పెట్టినారు, మనుషులు చెంబులు పట్టుకుని వరసల్లో నిలబడినారు. ఆ వరసలో నేనూ ఉంటి. ఆ యేడు మిద్దె మీద జొన్నలు చల్లితే ఊరు ఊరుకుంటుందా? ఉస్తాద్‌కూ తెలుసు. బాగా ఎగిరే నాలుగు జతలు పెట్టుకుని మిగతావన్నీ తలుపులు తీసి వదిలేసినాడు. ఉన్నవాటికి ధాన్యం మండీ కాడ మూటలు దించినాక ఊడ్చిన ఊడుపు తెచ్చేవాడు. దుమ్ము, పొట్టు, గడ్డి గింజలు, పగిలిన ఉలవలు, మధ్యలో ఒకటీ అరా జొన్న. జల్లెడ పట్టి, రాళ్లు మాత్రం ఉండనిచ్చి పెట్టేవాడు. అప్పుడు ఏ పావురమూ పేచీ పెట్టలేదు. వదిలేసినవి బీళ్ల మీద పడి గడ్డి గింజలు ఏరుకుని బతికినాయి, కొన్ని బతకలేదు. ఆకలి నేర్పుతుంది గదా అని ఎవరన్నా గొప్పగా చెప్తే నాకు నచ్చదు. ఆ యేడు గూళ్లల్లో ఒక్క పిల్ల లేవలేదు. గుడ్డు పెట్టే శక్తే లేదు వాటికి.

రాళ్లు ఎందుకు ఉండనిచ్చినాడంటే, పావురానికి పండ్లు యాడివి? గింజను పొట్టు కూడా తియ్యకుండా మింగేస్తుంది. నమిలే పనంతా కందనకాయది. దాంట్లో ఇసకరాళ్లు ఉంటేనే గింజ నలుగుతుంది. ఉస్తాద్ ఎర్ర ఇటుక దంచి, పాత గోడ సున్నం, కోడిగుడ్డు పెంకులు, ఇంత ఉప్పు కలిపి ఒక మూకుట్లో పెట్టేవాడు. అవి లేకపోతే పావురాలు గోడ పెచ్చులు గీకుతాయి, గట్టి గింజ వదిలి మెత్తనిదాని మీద పడతాయి. మన చిన్నోడి గూట్లో ఆ మూకుడు లేనే లేదు. జొన్న మీద నేరం మోపే ముందు అది చూడాల గదా.

పెద్దయినాక నాకొక సంగతి తెలిసింది. రిటైరైనాక లైబ్రరీలో అయీనె అక్బరీ చూస్తి, అబుల్ ఫజల్ రాసింది. అక్బరు పాదుషాకు పావురాల పిచ్చి. ఆ ఆటకు ఇష్క్‌బాజీ అని పేరు పెట్టుకున్నాడు. ఇరవై వేలకు పైగా పావురాలుండేవంట. వాటి మేత లెక్క కూడా రాసి పెట్టినారు: నూరు పావురాలకు దినానికి నాలుగు సేర్ల చిరుధాన్యం. అప్పటి సేరు మన సేరు కాదులే. నాకు నవ్వొచ్చింది యాడంటే, ఎగిరేవాటికి ఒట్టి చిరుధాన్యమే, వేరేది కలపరు; మిగిలినవాటికి బియ్యం, శనగబద్దలు, పెసరబద్దలు, సజ్జలు, జొన్నలు అన్నీ కలిపి ఏడు రకాలు. కర్నూలు సందులో చదువు రాని ఉస్తాద్ చేసిందీ అదే. ఎగిరే పక్షికి తేలిక మేత, పిల్లల్ని సాకేదానికి పప్పుగింజలు. ఈ లెక్క దర్బారు నుంచి సందులోకి వచ్చిందో, సందుల్లో వాళ్ల కాడ అడిగి దర్బారులో రాసుకున్నారో ఎవరు చెప్పాల? నా మటుకు రెండోదే నిజమనిపిస్తుంది.

ఇప్పటి లెక్కలో ఒక్కోదానికి దినానికి ముప్పై గ్రాములు అనుకో, చలికాలం ఇంకొంచెం. చిన్నోడు నాలుగు పక్షులకు పెట్టేది చూస్తే డజనుకు సరిపోతుంది. పైగా నాలుగే ఉన్నాయి కాబట్టి పోటీ లేదు. గుంపు ఉంటే పక్కది మింగేస్తుందని ముందు దొరికింది మింగుతాయి. తీరిక దొరికినప్పుడే ఏరడం మొదలవుతుంది. ఇంకోటి కూడా చూడాల, ఏరేది ఎవరు అని. ఆ బూడిదరంగు పోతు ఉంది చూడు, అది గిన్నె మధ్యలో నిలబడి రెక్కతో కొట్టి శెనక్కాయలన్నీ తినేస్తాంది. తెల్ల పెంటి దూరంగా నిలబడి, అది పారేసిన జొన్నలు తింటాంది. చిన్నోడు చెప్పేది "నా పావురాలు జొన్నలు తినవు" అని. తినంది ఒకటే. గిన్నె మాని వెడల్పుగా చల్లితే పోతు అన్ని చోట్లా నిలబడలేదు.

ఇంగ మద్రాసు పావురం సంగతి చెప్తా. అప్పటికి నాకు పని దొరికి కడపకు వచ్చేసింటి. మద్రాసులో పావురాల పందేలు జోరు. దూరం ఊర్ల నుంచి వదులుతారు, ఏది ముందు ఇల్లు చేరితే దానిది గెలుపు. వాటిల్లో దారి తప్పిందేమో, ఒక యెండాకాలం మా మిద్దె మీద ఒకటి వాలింది. గట్టి రొమ్ము, కాలికి ఉంగరం, రెక్క కింద దెబ్బ. పట్టుకుని గూట్లో పెట్టి జొన్నలు పెడితి. ముట్టలేదు. కొర్రలు పెడితి, చూడను కూడా చూడలేదు. మా ఆవిడ "పట్నం పిల్ల గదా, మన తిండి ఎందుకు తింటుంది" అని ఎక్కిరిస్తాంది. నాకేమో భయం, రెండు దినాలుగా గింజ పోలేదు. ఆకలేసి కూడా తినలేదంటే అది పొగరు కాదు. అది జొన్న ఎప్పుడూ చూడలేదు. మొక్కజొన్న, బఠానీలు తిని పెరిగిన పక్షికి ఇది గింజ అనే తెలీదు, గులకరాయి అనుకుంటాంది. ఉస్తాద్ చేసిన పనే చేస్తి: మా పాత పెంటినొకదాన్ని ఒక పూట పస్తు పెట్టి దాని పక్కన వదిలితి. పెంటి టకటకా తింటాంటే మద్రాసుది తల పక్కకు పెట్టి ఒంటికంటితో చూసింది. ఒక జొన్న ముక్కుతో తీసింది, వదిలేసింది. మల్లా తీసింది, నోట్లో తిప్పింది, వదిలేసింది. మూడోది మింగింది. ఇంగ ఆగలేదు. రెక్క నయమైనాక ఒక పొద్దున వదిలితే రెండు చుట్లు తిరిగి తూర్పుకు పోయింది. చేరిందో లేదో.

పిల్లల సంగతి ఇంకా సున్నితం. గుడ్డు పగిలిన మొదటి వారం వాటికి గింజే లేదు. తల్లీ తండ్రీ ఇద్దరి గొంతు సంచిలోనూ పాలు పుడతాయి. పాలంటే పారేవి కాదు, పసుప్పచ్చగా విరిగిన ముద్దలు. పిల్ల నోరు పెద్దదాని నోట్లో దూర్చి తాగుతుంది. తర్వాత తర్వాత నానిన గింజలు. నెల దగ్గర పడేసరికి తల్లి ఇంకో జత గుడ్లు పెట్టేస్తుంది, తండ్రి ఇసుక్కుంటాడు, పిల్లను వేరు చేస్తాము. అప్పుడు చూడాల దాని తిప్పలు. గింజ పొడుస్తుంది, మింగడం రాదు. కుయ్ కుయ్ అంటా కనపడిన ప్రతి పక్షి వెంటా పడుతుంది. దాన్ని పేచీకోరు అంటే పాపం. దానికి సన్నగింజలు పెట్టాల, కొర్రలు, సజ్జలు. నీళ్లు కూడా దానికదే కనుక్కోదు. ముక్కు పట్టుకుని మూకుట్లో ముంచి చూపించాల. కోడి మాదిరి తల ఎత్తి మింగదు పావురం, ముక్కు ముంచి గటగటా పీల్చేస్తుంది. ఒకసారి పీల్చిందంటే ఇంగ నీకు దిగులు లేదు. నీళ్లు దొరకని పిల్ల యెండాకాలంలో ఒక్క దినం ఆగదు.

అవి తిన్నదీ లేనిదీ తెలిసేది రాత్రి. దీపం పట్టుకుని పోయి, నిద్రలో ఉన్నదాన్ని రెండు చేతుల్లో తీసుకుని, రొమ్ము పైన గొంతు కింద వేలితో మెల్లగా అదిమి చూడాల. గింజలు వేలికి తగులుతాయి. జొన్న గుండ్రంగా జారుతుంది, శనగ మూలమూలలుగా ఉంటుంది. ఖాళీ సంచి మెత్తగా వేలాడుతుంది. నీళ్లతో బుడబుడమంటా పుల్ల కంపు కొడితే అది అజీర్తి; పొద్దునకు కూడా అట్లే ఉంటే డాక్టరు కాడికే. గింజ ముక్కుతో పట్టి పట్టి వదిలేస్తాంటే నోరు తెరిచి చూడు. గొంతులో పసుప్పచ్చగా పాచి కట్టినట్టు ఉంటే మింగలేక వదిలేస్తాంది, ఇష్టం లేక కాదు. ఆ రోగం నీళ్ల మూకుటి నుంచి పక్కవాటికి పాకుతుంది. రెట్ట పచ్చగా నీళ్లు నీళ్లుగా ఉన్నా, మెడ తిరిగిపోతా గింజ పక్కన పొడుస్తా ఉన్నా అంతే, ముందు దాన్ని వేరు చెయ్యి. పెట్టెలు ఊడ్చేటప్పుడు మొహానికి తుండు కట్టుకోరా, ఆ ఎండురెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. నాకు ఈ దగ్గు ఊరికే రాలేదు.

శెనక్కాయ మీద నాకు కోపం రుచి గురించి కాదు. మన నేలల్లో కాయ ఊరే టైంలో వాన ఎగ్గొడుతుంది. అట్లా ఎండకు పగిలిన కాయలో బూజు చేరుతుంది. మంచి గింజలు మిల్లుకు పోతాయి, ముడతలు పడినవీ నల్లబడినవీ పక్షులకూ గొడ్లకూ మిగులుతాయి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయినాయి. బ్రెజిల్ నుంచి తెప్పించిన శెనక్కాయ చెక్క తిని. ఏం రోగమో తెలీక వెతికితే చెక్కలోని బూజు విషం బయటపడింది, దానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టినారు. కార్జాన్ని తినేస్తుంది అది. కాబట్టి పావురం శెనక్కాయను వదిలేసిందంటే తిట్టొద్దు, గింజ ఇరిచి లోపల చూడు. ఇత్తనానికని మందు కలిపి రంగు వేసిన కాయలైతే వాటిని గూటి దరిదాపులకు తేవద్దు.

కడపలో మా మిద్దె గచ్చంతా బండలు. మే నెలలో వాటి మీద కాలు పెట్టలేవు, పావురాలు కూడా పెట్టవు. మేత చల్లితే మూలనున్న నీడలో నిలబడి చూస్తాయి, రావు. మొదటి యేడు అది కూడా పేచీయే అనుకున్నోళ్లు ఉన్నారు మా ఇంట్లో. పొద్దు పొడవక ముందు, మల్లా బండలు చల్లారినాక పెడితే మామూలుగా తినేవి. యెండల్లో శెనక్కాయ, కుసుమ పూర్తిగా బంద్. జొన్న కూడా తగ్గించి, మట్టి మూకుళ్లలో నీళ్లు మూడు పూటలా మార్చేవాణ్ణి. అవి పావలా తిని రూపాయి తాగే కాలం.

ఉస్తాద్ పోయినాక ఆ మిద్దె ఆయన మనవడికి వచ్చింది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడినప్పుడు పాతబస్తీ అంతా మునిగింది. ఇండ్లల్లో కప్పుల దాకా నీళ్లు. అప్పటికి పాత మట్టి మిద్దె తీసేసి పైన ఇంకో అంతస్తు వేసినారు, ఆ పైకెక్కి వాళ్లూ పావురాలూ బతికినారు. నీళ్లు తీసినాక నేను చూడ్డానికి పోతి. కింది గదిలో జొన్న మూట ఉబ్బి, మొలకొచ్చి, ముక్కిన వాసన. ఎండబెట్టి పెడదామని చూసినాడంట, ఒక్క పక్షి ముట్టలేదు. ఆ పిల్లోడు మొహం వేలాడేసుకుని "తాతా, ఇంత కష్టంలో కూడా వీటికి పేచీలే" అన్నాడు. పారెయ్యమంటి. బురద నీళ్లలో నానిన గింజ తినకపోవడం వాటి మంచికే.

మరి ఏం తిన్నాయి అంటారా? ఊరూరి నుంచి లారీల్లో పులిహోర పొట్లాలు వచ్చేవి ఆ వారమంతా. వీళ్లు తిన్నాక మిగిలిన మెతుకులు పిట్టగోడ మీద ఆరబెడితే పావురాలు వరసగా నిలబడి తిన్నాయి, ఎండుమిరపకాయ గింజలతో సహా. పక్షికి కారం తగలదు, దాని నాలికకు ఆ మంట తెలీదు. అట్లా పది దినాలు. తర్వాత నంద్యాల నుంచి కొత్త జొన్నల మూట దించినాడు. ఆ సాయంత్రం ఒకపక్క జొన్నలూ, ఒకపక్క మిగిలిన పులిహోరా పెడితే, పులిహోర మీద కాళ్లేసి తొక్కుతా జొన్నల కాడికి పోయినాయంట.